వెబ్ అందరిదీ, బ్రౌజర్ మాత్రం కొన్ని ప్రాసెసర్లదే

ఒక వెబ్ పేజీకి తాను ఏ ప్రాసెసర్ మీద తెరుచుకుంటోందో తెలియదు. తెలియాల్సిన పనే లేకుండా వెబ్‌ని తయారు చేశారు. హెచ్‌టీఎంఎల్ అయినా, జావాస్క్రిప్ట్ అయినా ఒకసారి రాసి సర్వర్‌లో పెడతారు. చదివేవాళ్ల కంప్యూటర్‌లో ఇంటెల్ ఉందా, ఆర్మ్ ఉందా, ఇంకేదైనా ఉందా అన్న ప్రశ్న ఆ పేజీకి రాదు. ఆ ప్రశ్న వచ్చేది పేజీని తెరిచే బ్రౌజర్‌కే.

రాప్టర్ కంప్యూటింగ్ సిస్టమ్స్ పవర్9 ప్రాసెసర్‌తో తెచ్చిన టాలోస్ 2 వర్క్‌స్టేషన్‌నే తీసుకుందాం. దాని మీద లినక్స్ చక్కగా నడుస్తుంది. లిబ్రేఆఫీస్, గింప్, కంపైలర్లు, డేటాబేస్‌లు అన్నీ లినక్స్ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీల్లోంచే దిగిపోతాయి. ఆ మెషిన్ రోజువారీ పనికి పనికొస్తుందా లేదా అన్నది మాత్రం బ్రౌజర్ దగ్గరే తేలుతుంది. మెయిల్, బ్యాంకు పని, వీడియో కాల్, ఆఫీసు డాక్యుమెంట్లు అన్నీ బ్రౌజర్‌లోకి వచ్చి చేరాయి కాబట్టి, బ్రౌజర్ సరిగా నడవని కంప్యూటర్ మిగతా అన్నింట్లో ఎంత బాగున్నా పక్కన పెట్టేయాల్సిందే. రిస్క్-వి బోర్డులు, లూంగ్‌ఆర్చ్ డెస్క్‌టాప్‌లు, పాత పవర్‌పీసీ మ్యాక్‌లు, స్పార్క్, ఆల్ఫా వర్క్‌స్టేషన్లు, అన్నింటికీ దాటాల్సిన గడప ఇదే.

సోర్స్ కోడ్ చేతిలో ఉన్నప్పుడు కొత్త ప్రాసెసర్ కోసం మళ్లీ కంపైల్ చేసుకుంటే సరిపోదా? టెక్స్ట్ ఎడిటర్‌కైతే దాదాపు అంతే. సీ, సీ++ కంపైలర్ ఆ ప్రాసెసర్‌కి ఉంటే చాలు, మిగతా పని అది చూసుకుంటుంది. బ్రౌజర్‌కి అది చాలదు, ఎందుకంటే బ్రౌజర్ లోపల ఇంకో కంపైలర్ ఉంటుంది. జావాస్క్రిప్ట్ వేగంగా నడవడం కోసం, పేజీ నడుస్తుండగానే దాన్ని మెషిన్ కోడ్‌గా మార్చేస్తుంది. దీన్నే జిట్ కంపైలర్ అంటారు. ఏ ప్రాసెసర్‌కి ఏ ఇన్‌స్ట్రక్షన్లు రాయాలో జిట్‌కి ఎవరో ఒకరు ముందే చేత్తో రాసి నేర్పి ఉండాలి.

ఆ పని ఎలా ఉంటుందో చూడటానికి రెండు సంఖ్యల కూడిక చాలు. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలన్నీ భాష నిర్వచనం ప్రకారం 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలే, అంటే దశాంశాలు పట్టే సంఖ్యలే. కానీ ప్రోగ్రాముల్లో ఎక్కువగా కనిపించేవి చిన్న పూర్ణాంకాలు: లూప్ లెక్కలు, అరే స్థానాలు, ఇలాంటివి. అందుకని జావాస్క్రిప్ట్‌ని నడిపే ఇంజిన్ వాటిని 32 బిట్ల పూర్ణాంకాలుగానే కలిపేస్తుంది. మొత్తం 32 బిట్లలో పట్టనప్పుడే ఫ్లోటింగ్ పాయింట్ దారి పడుతుంది. పట్టిందో లేదో ప్రతి కూడికకూ చూసుకోవాలి. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కుటుంబమైన ఎక్స్86లో ఇది సులువు. కూడిక అవగానే, జవాబు పట్టిందో లేదో చెప్పే ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ దానంతట అదే మారుతుంది, దాన్ని చూసి పక్కకు మళ్లే జంప్ ఒక్కటి రాస్తే అయిపోయింది. రిస్క్-విలో అసలు ఫ్లాగుల రిజిస్టరే లేదు. అక్కడ అదే కూడికను 64 బిట్లలో ఒకసారి, 32 బిట్లకు కుదించి ఇంకోసారి చేయాలి. రెండు జవాబులనూ పోల్చి చూసి, తేడా ఉంటే ఓవర్‌ఫ్లో అయిందని గుర్తించాలి. ఫ్లాగులున్న ప్రాసెసర్‌ని మనసులో పెట్టుకుని రాసిన కోడ్‌ని ఇక్కడికి తెచ్చి అతికిస్తే పనిచేయదు. ఆలోచన మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఒక్క కూడికకే ఇంత ఉంటే, ఫంక్షన్ కాల్స్‌, పెద్ద స్థిరాంకాలను రిజిస్టర్‌లోకి ఎక్కించడం, నడుస్తున్న కోడ్‌ని మధ్యలో మార్చడం లాంటివాటికి ఎంత పని ఉంటుందో ఊహించుకోవచ్చు.

ప్రాసెసర్ తన దగ్గరే ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీ, అంటే క్యాష్, ఇంకో చిక్కు. జిట్ తయారుచేసిన మెషిన్ కోడ్ ముందు డేటాగా మెమరీలోకి వెళ్తుంది, తర్వాత దాన్నే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లుగా చదవాలి. ఎక్స్86లో ఈ రెండింటి మధ్య పొంతన హార్డ్‌వేరే చూసుకుంటుంది. పవర్‌పీసీ, ఆర్మ్, రిస్క్-వి లాంటివాటిలో మాత్రం ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లోని పాత సరుకు తీసేయమని ప్రోగ్రామే చెప్పాలి. ఎక్కడో ఒకచోట ఆ మాట చెప్పడం మర్చిపోతే ప్రాసెసర్ పాత కోడ్‌ని నడిపేస్తుంది. అదీ ప్రతిసారీ కాదు. పది సార్లు బాగా తెరుచుకున్న పేజీ పదకొండోసారి ట్యాబ్‌తో సహా కూలిపోతుంది. మళ్లీ తెరిస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. బ్రౌజర్‌ని ఇలా కొత్త ప్రాసెసర్‌కి తెచ్చే (పోర్టు చేసే) వాళ్లకి అన్నింటికంటే టెన్షన్ పెట్టే బగ్‌లు ఇలాంటివే.

మరి జిట్ లేకపోతే? ఇక్కడే బ్రౌజర్ల మధ్య అసలు తేడా బయటపడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లోని స్పైడర్‌మంకీ ఇంజిన్‌లో మామూలు సీ++లో రాసిన ఇంటర్‌ప్రెటర్ ఉంది, అది మెషిన్ కోడ్ పుట్టించకుండానే ప్రోగ్రామ్‌ని ఒక్కో అడుగుగా నడుపుతుంది. కొత్త ప్రాసెసర్‌కి జిట్ ఎవరూ రాయకపోయినా, ఆ ఇంటర్‌ప్రెటర్ కంపైల్ అయితే జావాస్క్రిప్ట్ నడుస్తుంది. నిదానంగా నడుస్తుంది, అంతే. సఫారీ వెనకున్న వెబ్‌కిట్‌లోని జావాస్క్రిప్ట్‌కోర్ ఇంజిన్‌లో కూడా సీలూప్ అనే దారి ఇలాంటి సందర్భాల కోసమే ఉంది. క్రోమ్‌లోని వీ8 ఇంజిన్ కథ వేరు. 2008లో వచ్చినప్పుడు దానికి ఇంటర్‌ప్రెటరే లేదు, ప్రతిదీ నేరుగా మెషిన్ కోడ్‌గా మార్చేది. తర్వాత ఇగ్నిషన్ అనే ఇంటర్‌ప్రెటర్ వచ్చింది, 2019లో జిట్ లేకుండా నడిచే మోడ్ కూడా వచ్చింది. అయితే ఇగ్నిషన్‌లోని ఒక్కో బైట్‌కోడ్‌ని (ఇంటర్‌ప్రెటర్ చదివే ఒక్కో ఆదేశాన్ని) నడిపే ముక్కలను బ్రౌజర్ బిల్డ్ అయ్యేటప్పుడు తయారు చేసేది వీ8 సొంత కంపైలర్ టర్బోఫ్యానే. అంటే టర్బోఫ్యాన్‌కి తెలియని ప్రాసెసర్ మీద జిట్ లేని మోడ్ కూడా పుట్టదు. ఫైర్‌ఫాక్స్ కొత్త ప్రాసెసర్ మీద కుంటుకుంటూ అయినా మొదటి రోజు నుంచి నడవగలదు. క్రోమ్‌కి ఆధారమైన ఓపెన్ సోర్స్ బ్రౌజర్ క్రోమియమ్ మాత్రం కోడ్ జనరేటర్ మొత్తం రాసి పూర్తయ్యేదాకా ఒక్క అడుగు కూడా వేయదు. ఇంజిన్ తయారుచేసిన రోజున ఎవరో తీసుకున్న ఒక నిర్ణయం, ఇన్నేళ్ల తర్వాత ఏ కంప్యూటర్లకి బ్రౌజర్ దక్కుతుందో నిర్ణయిస్తోంది. అందుకే నిదానపు దారిని చిన్నచూపు చూడకూడదు. ఎంత నెమ్మదైనా అది ఉండటమే ముఖ్యం.

నిదానపు దారితో అన్నీ దొరకవు, ఆ మాటా చెప్పుకోవాలి. సీ++ లాంటి భాషల్లో రాసిన ప్రోగ్రాములను బ్రౌజర్‌లో వేగంగా నడిపే కోడ్ రూపం వెబ్‌అసెంబ్లీ. అది 2017 నాటికి నాలుగు ప్రధాన బ్రౌజర్లలోకీ వచ్చింది, 2019 డిసెంబర్‌లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణం అయింది. స్పైడర్‌మంకీలో వెబ్‌అసెంబ్లీకి ఇంటర్‌ప్రెటర్ లేదు, అది జిట్ మీదే ఆధారపడుతుంది. కాబట్టి జిట్ లేని ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ల కుటుంబం) మీద ఫైర్‌ఫాక్స్‌లో వెబ్‌అసెంబ్లీ అనేదే కనిపించదు. పేజీ వేగం తగ్గితే ఓపిక పట్టొచ్చు. కానీ డిజైన్ టూల్, వీడియో ఎడిటర్, గేమ్ లాంటివి వెబ్‌అసెంబ్లీ లేకపోతే తెరుచుకోవు. ఓపికతో పని జరిగే రోజులు అక్కడ అయిపోయాయి.

జిట్ సంగతి అలా ఉంచితే, బ్రౌజర్ కోడ్‌లో ఎక్స్86 అలవాట్లు చాలాచోట్ల తెలియకుండానే కలిసిపోయి ఉన్నాయి. బైట్ల వరుస వాటిలో పాతది. తెర మీద ఒక చుక్క రంగు నాలుగు బైట్లు: నీలం, ఆకుపచ్చ, ఎరుపు, పారదర్శకత. ఇంటెల్, ఆర్మ్ కంప్యూటర్లు నాలుగు బైట్ల సంఖ్యను చిన్న వైపు నుంచి మెమరీలో పేరుస్తాయి. స్పార్క్, పాత పవర్‌పీసీ మ్యాక్‌లు, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లు పెద్ద వైపు నుంచి పేరుస్తాయి. చుక్కను ఒకచోట సంఖ్యగా రాసి ఇంకోచోట బైట్లుగా చదివే కోడ్, మొదటి రకంలో సరిగ్గా పనిచేస్తుంది. రెండో రకంలో పారదర్శకత ఉండాల్సిన చోట నీలం వచ్చి కూర్చుంటుంది, ఎరుపు స్థానంలోకి ఆకుపచ్చ వస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ వాడే స్కియా గ్రాఫిక్స్ లైబ్రరీ పెద్ద వైపు వరుసను అధికారికంగా పట్టించుకోదు. అలాంటి కంప్యూటర్లలో ఫైర్‌ఫాక్స్ తెరిస్తే రంగులు తారుమారుగా కనిపించడం అక్కడి వాడుకదార్లకు బాగా తెలిసిన సమస్య. వెబ్‌అసెంబ్లీ ప్రమాణమైతే మెమరీ చిన్న వైపు వరుసలోనే ఉండాలని రాసేసింది, కాబట్టి మెయిన్‌ఫ్రేమ్ మీద ప్రతి సంఖ్యనూ తిప్పి చదవాలి, తిప్పి రాయాలి. పెద్ద వైపు వరుస ఇక డెస్క్‌టాప్‌లకి తిరిగి రాదన్నది దాదాపు ఖాయమే. పవర్ ప్రాసెసర్లు కూడా లినక్స్‌లో ఇప్పుడు ఎక్కువగా చిన్న వైపు మోడ్‌లోనే నడుస్తున్నాయి. ఆ మార్పుకి ఇలాంటి ఇబ్బందులూ ఒక కారణం.

అడ్రస్‌ల విషయం ఇంకాస్త లోతైనది. స్పైడర్‌మంకీ ప్రతి జావాస్క్రిప్ట్ విలువనూ 64 బిట్లలో సర్దుతుంది. సంఖ్య కాదని చెప్పే ఫ్లోటింగ్ పాయింట్ గుర్తుకి లక్షల కోట్ల రూపాలు ఉంటాయి, వాటిలో వాడకుండా మిగిలిపోయేవాటిలో మెమరీ అడ్రస్‌ని దాస్తుంది. తెలివైన ఉపాయం. అడ్రస్‌కి అక్కడ మిగిలే చోటు 47 బిట్లు. ఎక్స్86లో లినక్స్ ప్రోగ్రాములకి ఇచ్చే అడ్రస్‌లు మామూలుగా 47 బిట్లలోనే సరిపోతాయి కాబట్టి ఇబ్బంది రాలేదు. 64 బిట్ల ఆర్మ్‌లో 48 బిట్ల అడ్రస్‌లు, స్పార్క్‌లో ఇంకా పైనుంచి మొదలయ్యే అడ్రస్‌లు వచ్చేసరికి దాచిన విలువ చెడిపోయింది. అందుకే ఇంజిన్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని బతిమాలి, కింది అడ్రస్‌లే ఇవ్వమని అడిగి తీసుకునే కోడ్ ప్రత్యేకంగా రాయాల్సివచ్చింది.

మెమరీ పేజీ సైజు గురించి ఒక్క మాట. ఎక్స్86లో అది 4 కేబీ. ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌ల మీద నడిచే ఆసాహి లినక్స్‌లో 16 కేబీ, పవర్ మెషిన్లలో తరచుగా 64 కేబీ. 4 కేబీ అని కోడ్‌లో గట్టిగా నమ్మి రాసుకున్నందువల్ల ఆసాహి వచ్చిన కొత్తలో క్రోమియమ్, దాని మీద ఆధారపడ్డ ఎలక్ట్రాన్ యాప్‌లు మొదలవుతూనే కూలిపోయేవి. గమనించాల్సింది ఏమిటంటే అది అరుదైన ఆర్కిటెక్చర్ కూడా కాదు, అందరికీ తెలిసిన ఆర్మే.

శాండ్‌బాక్స్ సంగతి తక్కువగా మాట్లాడుకుంటారు కానీ భద్రతకి అదే ఆయువుపట్టు. చెడ్డ పేజీ ఏదైనా ట్యాబ్‌ని ఆక్రమించినా, అది కంప్యూటర్‌లోకి చొరబడకుండా ఆపేది శాండ్‌బాక్సే. లినక్స్‌లో ఇది సిస్టమ్ కాల్స్‌ని, అంటే ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్‌కి చేసే విన్నపాలను, నంబర్ల ప్రకారం జల్లెడ పడుతుంది. ఆ నంబర్లు ఆర్కిటెక్చర్‌ని బట్టి మారతాయి. ఫైల్ నుంచి చదివే కాల్ 64 బిట్ల ఎక్స్86లో 0, రిస్క్-విలో 63, పవర్‌పీసీలో 3. ప్రతి ఆర్కిటెక్చర్‌కీ ఆ పట్టికను వేరుగా రాసి, పరీక్షించి, కెర్నల్ మారినప్పుడల్లా సరిచూడాలి. ఇక్కడ తప్పు జరిగితే పేజీ కూలినట్టు బయటికి కనిపించదు. శాండ్‌బాక్స్ ఆపేసి బిల్డ్ చేసిన బ్రౌజర్ చూడటానికి మామూలుగానే ఉంటుంది, లోపల తలుపు తెరిచే ఉంటుంది. అరుదైన ప్రాసెసర్ కోసం ఎవరో తయారుచేసిన బ్రౌజర్ దొరికినప్పుడు, పేజీలు తెరుచుకుంటున్నాయా అన్నదానికంటే ముందు శాండ్‌బాక్స్ ఉందా అని చూసుకోవడం మంచిది.

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష రాకతో ఇంకో గడప పెరిగింది. 2016 ఆగస్టులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 48లో మొదటిసారి రస్ట్ కోడ్ చేరింది, 2017 నవంబర్‌లో 57వ వెర్షన్‌తో స్టైల్ ఇంజిన్ మొత్తం రస్ట్‌లోకి మారింది. మెమరీ తప్పుల వల్ల వచ్చే భద్రతా లోపాలను తగ్గించడానికి ఇది సరైన నిర్ణయమే, అందులో అనుమానం లేదు. కానీ రస్ట్ కంపైలర్, మెషిన్ కోడ్ తయారీకి ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ పునాది మీద ఆధారపడుతుంది. డీఈసీ ఆల్ఫా, హెచ్‌పీ పీఏ-రిస్క్ లాంటి పాత ప్రాసెసర్లకి జీసీసీ అనే కంపైలర్ ఉంది కానీ ఎల్‌ఎల్‌వీఎం లేదు. అలా ఒకే మార్పుతో, అంతవరకు ఏదోలా ఫైర్‌ఫాక్స్ నడిచిన ఆర్కిటెక్చర్లు గడప అవతలే ఉండిపోయాయి. జీసీసీ ద్వారా రస్ట్‌ని కంపైల్ చేసే ప్రయత్నాలు సాగుతున్నాయి. అవి పూర్తిగా కుదిరితే ఈ ముడి కొంత వీడుతుంది.

ఇన్ని అడ్డంకులు దాటి పోర్టు పూర్తయిందనుకుందాం. పని అయిపోయినట్టు కాదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటికీ దాదాపు నాలుగు వారాలకో కొత్త వెర్షన్ వస్తూ వచ్చింది. ప్రధాన కోడ్‌లో కలవని ప్యాచ్‌లను (కోడ్ మార్పులను) పట్టుకుని కూర్చున్నవాళ్లు వెర్షన్ మారిన ప్రతిసారీ వాటిని కొత్త కోడ్‌కి సరిపెట్టాలి. క్రోమియమ్ బిల్డ్ చేయాలంటే కనీసం 8 జీబీ ర్యామ్, 16 దాటితే మేలు, డిస్క్‌లో 100 జీబీ ఖాళీ కావాలని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. ఆ బిల్డ్ చేసే మెషిన్ ఎక్స్86-64 అయి ఉండాలని కూడా అదే డాక్యుమెంట్ చెబుతుంది. చిన్న బోర్డు మీద బ్రౌజర్ కావాలంటే దాన్ని ఇంకో పెద్ద మెషిన్ మీద తయారుచేసి తేవాలి.

అందుకే ఏ పోర్టు బతుకుతుంది అన్నది ప్రాసెసర్ గొప్పతనాన్ని బట్టి ఉండదు, ఆ పోర్టు మీద ఎవరికి ఎంత అవసరం ఉందో దాన్ని బట్టి ఉంటుంది. వీ8లో పవర్, మెయిన్‌ఫ్రేమ్ పోర్టులను ఐబీఎం చూసుకుంటోంది, ఎందుకంటే దాని సర్వర్ల మీద, వీ8తో జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే నోడ్.జేఎస్ నడవాలి. ఐబీఎంకి తెర మీద పేజీ తెరవాల్సిన అవసరం లేదు కాబట్టి, వీ8 పవర్ మీద చక్కగా ఉన్నా, దాని చుట్టూ ఉన్న క్రోమియమ్ కోసం కావాల్సిన ప్యాచ్‌లు ఏళ్ల తరబడి ప్రధాన కోడ్‌కి బయటే ఉండిపోయాయి. లూంగ్‌ఆర్చ్ 2021లో ప్రకటితమైతే, ఆ ఏడాదే వీ8లో దాని పోర్టు చేరింది, ఆ తర్వాత స్పైడర్‌మంకీలోనూ చేరింది. లూంగ్‌సన్ కంపెనీకి తన ప్రాసెసర్‌తో డెస్క్‌టాప్‌లు కావాలి, ఆ పని తన సొంత ఇంజనీర్లకే అప్పగించింది. రిస్క్-వికి చైనా విజ్ఞానశాస్త్రాల అకాడమీ సాఫ్ట్‌వేర్ సంస్థలోని బృందం వీ8, స్పైడర్‌మంకీ రెండింటిలోనూ పెద్ద పని చేసింది. 2025లో లినక్స్ డిస్ట్రిబ్యూషన్ డెబియన్ 13 రిస్క్-విని అధికారిక ఆర్కిటెక్చర్‌గా తీసుకునేనాటికి ఇలాంటి పనులు ముందే జరిగి ఉన్నాయి.

వెనక సంస్థ లేని పోర్టు ఎలా ఉంటుందో టెన్‌ఫోర్‌ఫాక్స్ చూపించింది. ఆపిల్ 2006లో ఇంటెల్‌కి మారాక, 2011 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 4 పవర్‌పీసీ మ్యాక్‌లను వదిలేసింది. అప్పుడు కామెరాన్ కైజర్ ఆ మ్యాక్‌ల కోసం తన సొంత బ్రౌజర్ మొదలుపెట్టారు. జీ3, జీ4, జీ5 ప్రాసెసర్లకు విడివిడిగా బిల్డ్‌లు, పవర్‌పీసీకి సొంత జిట్, అన్నీ చేశారు. ఫైర్‌ఫాక్స్ 45 పునాది దగ్గర ఆగిపోయాక కూడా, తర్వాతి వెర్షన్లలోని భద్రతా సవరణలను వెనక్కి తెచ్చి కలుపుతూ 2021 దాకా నడిపారు. కంపెనీ వదిలేసిన కంప్యూటర్లకు పదేళ్లు అదనంగా వెబ్ దక్కడమంటే చిన్న విషయం కాదు. ఆయనే తర్వాత పవర్9 కోసం ఫైర్‌ఫాక్స్ జిట్ మీద పనిచేశారు. ఆ ప్యాచ్‌లూ ప్రధాన కోడ్ బయటే ఉన్నాయి. ఒక మనిషి ఓపిక మీద నిలబడ్డ బ్రౌజర్‌ని వేలమంది నమ్ముకోవాల్సి రావడం బాధాకరమే, అయినా ఆ ఓపిక లేకపోతే ఆ వేలమందికి అదీ ఉండేది కాదు.

అరుదు అన్న మాట కూడా కాలంతో మారుతుంది. ఒకప్పుడు కంప్యూటర్ అంటేనే 32 బిట్ల ఎక్స్86. క్రోమ్ 2016 మార్చిలో 32 బిట్ల లినక్స్‌ని ఆపేసింది, ఫైర్‌ఫాక్స్ 2025లో 144వ వెర్షన్ తర్వాత ఆపింది. ఎదురు దిశలో 64 బిట్ల ఆర్మ్ ఇన్నేళ్లుగా కోట్ల ఫోన్లలో ఉన్నా, లినక్స్ కోసం ఫైర్‌ఫాక్స్ తయారీదారు మొజిల్లా అధికారిక బిల్డ్ 2025 మార్చిలో 136వ వెర్షన్‌తోనే వచ్చింది. అంతవరకు డిస్ట్రిబ్యూషన్లే తయారుచేసి ఇచ్చేవి.

సోర్స్ ఉంటే చాలనుకోవడానికి వీల్లేని చోటు ఇంకొకటుంది. డబ్బు కట్టి చూసే వీడియోల కోసం బ్రౌజర్లు వాడే వైడ్‌వైన్ మాడ్యూల్‌కి సోర్స్ బయట ఉండదు, గూగుల్ ఇచ్చిన బైనరీయే దిక్కు. బ్రౌజర్ పోర్టు ఎంత బాగా చేసినా పవర్ లినక్స్‌కి ఆ బైనరీ లేదు. ప్యాచ్ రాసి దీన్ని సరిచేయడానికి ఎవరికీ అవకాశమే లేదు.

చిన్న బ్రౌజర్లు ఉన్నాయి. నెట్‌సర్ఫ్ 2002లో రిస్క్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మొదలై సీలోనే రాసిన సొంత ఇంజిన్‌తో పాత అమిగా కంప్యూటర్ల దాకా వెళ్లింది. డిల్లో 1999 నుంచి ఉంది, మధ్యలో ఆగిపోయి 2024లో మళ్లీ కొత్త వెర్షన్ తెచ్చుకుంది. పాఠం, బొమ్మలు ఉన్న పేజీలకి ఇవి హాయిగా సరిపోతాయి. జావాస్క్రిప్ట్ మీదే నిలబడ్డ సైట్లకి సరిపోవు. కొత్తగా తయారవుతున్న లేడీబర్డ్ తన ఇంజిన్‌లోంచి జిట్‌ని 2024లో తీసేసి ఇంటర్‌ప్రెటర్ మీదే నడవడం మొదలుపెట్టింది.

నిదానపు దారికి ఇటీవల అనుకోని వైపు నుంచి బలం దొరికింది. 2021 ఆగస్టులో, వీ8నే వాడే మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్ బృందం, వీ8లో నమోదైన భద్రతా లోపాల్లో సుమారు 45 శాతం జిట్‌కి సంబంధించినవేనని చెబుతూ, జిట్ ఆపేసి బ్రౌజర్ నడిపే ప్రయోగం చేసింది. చాలా సందర్భాల్లో వాడేవాళ్లకి తేడా తెలియలేదని గమనించింది. 2022లో ఆపిల్ అదనపు భద్రత కోసం తెచ్చిన లాక్‌డౌన్ మోడ్ కూడా జిట్‌ని ఆపేస్తుంది. జిట్ లేనప్పుడు వెబ్‌అసెంబ్లీ ఆగిపోకూడదని ఎడ్జ్ బృందమే వీ8 కోసం డ్రమ్‌బ్రేక్ అనే వెబ్‌అసెంబ్లీ ఇంటర్‌ప్రెటర్ రాసి ఇచ్చింది. వాళ్ల ఉద్దేశం భద్రతే, అరుదైన ప్రాసెసర్లు కాదు. అయినా రెండు వర్గాలకూ కావాల్సింది ఒకటే: మెషిన్ కోడ్ పుట్టించకుండా పేజీని పూర్తిగా నడపగల ఇంజిన్. అలాంటి వెబ్‌అసెంబ్లీ ఇంటర్‌ప్రెటర్ ఒకటి మామూలు సీ++లో స్పైడర్‌మంకీలోకి కూడా వస్తే, పవర్9 మీద ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకోని పేజీలు కొత్త జిట్ కోసం ఎదురుచూడకుండానే తెరుచుకుంటాయి.